గట్టిగా చెప్పిన లక్కపని

నాకు నగలు పెట్టుకోవడం కంటే విప్పి చూడడం మీద మోజెక్కువ. చిన్నప్పుడు అమ్మ పూసల దండ తెంపి మళ్లీ గుచ్చాను. దండ మునుపటిలా రాలేదు గానీ తిట్లు మాత్రం నిండుగా వచ్చాయి. ఎనభైల మొదట్లో, డిగ్రీ పరీక్షలు రాసి ముదిగొండలో మా ఇంట్లో ఖాళీగా ఉన్న ఎండాకాలం, ఆ మోజు ముదిరి పట్టుదలైంది. నగలు చేయడం నేర్చుకోవాలి. ఎవరు నేర్పుతారో మాత్రం తెలియదు.

ముందు ఖమ్మం లైబ్రరీకి వెళ్లాను. అక్కడి పెద్దాయన బీరువాలన్నీ వెతికి స్వెటర్ల అల్లికల పుస్తకం చేతిలో పెట్టాడు. మన ఎండలకు స్వెటరెందుకండీ అంటే, "బొమ్మలు బాగున్నయమ్మా, తీస్కపో" అన్నాడు. వారపత్రికల్లో ఆడవాళ్ల పేజీ తిరగేస్తే అగ్గిపుల్లలతో ఇల్లు కట్టడం చెప్పారు. ఇక లాభం లేదని కంసాలి దుకాణం మెట్లెక్కాను. ఆయన కుంపటి మీంచి తలెత్తి, "ఏం చేపిచ్చుకుంటవమ్మా?" అన్నాడు. చేయించుకోను, నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వి మళ్లీ ఊదుగొట్టం అందుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పెట్టుకునేదేమో మేము, చేసేచోట కూర్చోవడానికి మాకు పీట లేదు.

దారి అడవి అంచున దొరికింది. పాల్వంచ కంపెనీ క్వార్టర్లలో ఉండే అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, ఇద్దరం కలిసి భద్రాచలం దారిలో ఒక సంతకు పోయాం. తేనె సీసాల పక్కన ఒక కోయామె ఎర్రటి పొక్కులు కట్టిన పుల్లలు కట్టలుగా పెట్టుకుని కూర్చుంది. ఇవేమిటని అడిగాను.

"లక్క. మోదుగ కొమ్మకు పడతది."

"ఎవరు కొంటారు?"

"ఖమ్మం గాజులోళ్లు."

నాకు అక్కడే గంతేయాలనిపించింది. లక్క గాజులంటే హైదరాబాద్ నుంచే వస్తాయనుకునేదాన్ని. చేసేవాళ్లు ఖమ్మంలోనే ఉంటే నేను స్వెటర్ల పుస్తకం పట్టుకుని తిరిగాను! బేరం కూడా ఆడకుండా ఒక కట్ట కొనేశాను. షిఫ్టు దిగి వచ్చిన బావ దాన్ని చూసి, "పొయ్యిలోకి పుల్లలు మీ ముదిగొండలో దొరకవా?" అన్నాడు. ఆయన మాట పట్టించుకునే స్థితిలో నేను లేను.

ఖమ్మంలో గాజుల దుకాణాల వాళ్లను అడుగుతూ పోతే పాత బజారు సందులో లక్క గాజులు చేసే ఇల్లు దొరికింది. గుమ్మానికి గోనె పరదా, లోపల్నుంచి పోస్టాఫీసులో పార్సిల్‌కి సీలు వేసేటప్పటి వాసన. కుంపటి ముందు ఒక పెద్దామె, పక్కన సుద్ద దంచుతూ నా ఈడు కూతురు. నా కట్ట చూసి పెద్దామె మురిసిపోయింది. నేర్పమని అడగగానే ముఖం మారింది.

"మా ఇంట్ల ఈ పని కోడలికే చెప్తం బేటీ. బిడ్డకు చెప్తే పని అత్తగారింటికి పోతదని. నా బిడ్డకు నేర్పనని మాటిచ్చినంకనే మా అత్త నాకు నేర్పింది."

"నేను మీకు కోడల్నీ కాదు, బిడ్డనీ కాదు కదా ఖాలా" అని పిన్ని వరస కలిపాను. నా నోటికి అప్పుడప్పుడూ మంచి మాట కూడా వస్తుంది.

ఆమె కాసేపు కూతురి వంక చూసింది. తర్వాత, "రేపు జల్దీ రా" అంది.

ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. మర్నాటి నుంచి రోజూ మొదటి బస్సుకే వెళ్లేదాన్ని. కరిగిన లక్కలో సుద్ద కలిపి కర్రకు ముద్దగా పట్టించడం, నిప్పుసెగకు తిప్పుతూ పైన రంగు పూయడం, చెక్కతో దొర్లించి తాడులా సాగదీయడం, వేడి ఆరేలోపే వంచి అతకడం. చూస్తుంటే ఒళ్లు పులకరించేది. నా చేతిలో మాత్రం ప్రతి గాజూ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం.

కూతురు బొగ్గులు వేసేది, సుద్ద జల్లించేది. తల్లి ఆమెను లక్క జోలికి రానిచ్చేది కాదు. తల్లి నీళ్లకు వెళ్లినప్పుడు ఒకరోజు నాతో అంది: "వానలు పడంగనే నా పెళ్లి. మణుగూరు పోవాలె. ఆయన బొగ్గుబాయి పనికి పోతే పొద్దంత నేనేం జెయ్యాలె? ఈ పనొస్తే నా బతుకు నాకుంటుండె. అమ్మీ మాట తప్పది." నాకు ఆ పెద్దామె మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

దానికి తోడు ఆమె చెప్పే తీరొకటి. ప్రతిదీ రెండుసార్లు, మూడుసార్లు, సందు చివరిదాకా వినపడేట్టు చెప్పేది. డిగ్రీ చదివినదాన్ని, మరీ అంత మొద్దునా! ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"నాకు వినిపిస్తోంది ఖాలా."

"అవ్, నీకు వినిపిస్తది" అని మళ్లీ మొదట్నుంచీ అంతే గట్టిగా చెప్పింది.

రోజూ మధ్యాహ్నం నమాజుకు లేచే ముందు నిప్పుల మీద బూడిద కప్పేది. ఆ రోజు కప్పలేదు. కొత్త బొగ్గులు వేసి, ఎర్ర లక్క ముద్ద సెగకు పెట్టి, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను కంగారుగా ముద్ద తిప్పబోయి బొటనవేలు కాల్చుకున్నాను. లక్క జారిపోతుంటే కూతురు చటుక్కున కర్ర అందుకుంది. తిప్పింది, దొర్లించింది, వంచింది, అతికింది. ఎక్కడా తడుముకోలేదు. అతుకు ఎక్కడుందో వెతికినా నాకు దొరకలేదు.

తలుపు తెరుచుకుంది. కూతురు గాజు నా ఒళ్లో పడేసి సుద్ద దగ్గరికి పోయింది. పెద్దామె దాన్ని తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పక్కనే నేను చేసిన వంకర గాజులున్నాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంచిగ చేసినవ్ బేటీ" అంది నాతో. ఆ గాజు తీసుకెళ్లి కూతురి చేతికి తొడిగింది. "నీ దోస్తు చేసింది, ఏస్కో."

కూతురు తలెత్తలేదు. ఇన్నాళ్లూ ఆ గట్టి మాటలు ఎవరి చెవికో నాకప్పుడు అర్థమైంది. లేచి ఆ పెద్దామెను వాటేసుకున్నాను, కాలిన వేలు సంగతే మర్చిపోయాను. ఆమె నన్ను విడిపించుకుని, "రేపు అద్దాలు అతికేది చెప్త" అంది.

మర్నాటి నుంచి నేను ఏ మాటా మొదటిసారికి అర్థం చేసుకోలేదు.