కాటా అక్క తప్పు

ప్రసూతి వార్డులో ఇరవై ఆరేళ్లుగా ఆయా పని చేస్తున్న ఆమెను అందరూ కాటా అక్క అంటారు. కాన్పు గదిలో తడిసిన గుడ్డను అరచేతుల్లోకి ఎత్తుకుని ఎంత నెత్తురు పోయిందో చెప్పేస్తుంది. నర్సు త్రాసు మీద పెట్టి చూస్తే తేడా చెంచాడు కూడా ఉండదు. మాతృదేవత, త్యాగమూర్తి లాంటి మాటల్ని గోడ మీది పోస్టర్లకు వదిలేద్దాం. ఈ ఇరవై ఆరేళ్లలో ఆమెకు కూర్చోవడానికి స్టూలు వేసినవాళ్లు లేరు.

ఓ మధ్యాహ్నం ఆమె కూతురే నొప్పులతో వచ్చింది. ఇంకా నెల గడువుంది. కాటా అక్క గుడ్డ తీసి చూసింది. రెండు చుక్కలు, అంతే.

"పొడిగానే ఉంది కదే. భయమేం లేదు."

"అమ్మా, నొప్పి అసలు ఆగట్లేదే."

"నువ్వు పుట్టిన రోజు పొద్దుటిదాకా బకెట్లు మోశాను నేను."

"మోస్తావులే. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

నుదుటి చెమట తుడవబోతే చల్లగా తగిలింది. పెదాలు పాలిపోయాయి. కాటా అక్క కూతురి కడుపు మీద చెయ్యి వేసింది. నొప్పికీ నొప్పికీ మధ్య కడుపు మెత్తబడాలి. రెండు నిమిషాలు చూసింది. చెక్కబల్లలా అలాగే ఉంది.

"సిస్టరూ! బిడ్డకంటే ముందే మాయ ఊడిపోయింది! డాక్టరమ్మను పిలు!"

"నెత్తురేదక్కా?"

"లోపలే పోతోంది! గుడ్డను కాదు, పిల్లను చూడు!"

బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించిందని డాక్టరమ్మ క్షణంలో తేల్చింది. స్ట్రెచర్ పరుగెత్తింది. ఆపరేషన్ థియేటర్ తలుపు బయట నిలబడిన కాటా అక్కకు చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత సన్నగా, కోపంగా ఓ ఏడుపు. వెంటనే నర్సు తలుపు తీసింది.

"పాప బతికింది. తల్లికి నెత్తురు గడ్డ కట్టట్లేదక్కా, ఆగట్లేదు. త్రాసు పై అంతస్తులో ఉండిపోయింది. గుడ్డలు తూచడానికి నువ్వు రా."

"నా చేతుల్ని నమ్మకు. ఇందాక అబద్ధం చెప్పాయి."

"చెప్పింది నీ నోరు. రా ముందు."

మొదటి గుడ్డ చేతిలో పడింది. తన బిడ్డ వేడి అందులో ఉంది.

"నాలుగొందల ఎం.ఎల్.," అంది. డాక్టరమ్మ ఇంకో రక్తం సంచి ఎక్కించమంది.

"మూడొందలు." ఇంకోటి.

"డెబ్బై." మళ్లీ ఎత్తి చూసింది. "డెబ్బయ్యే."

తర్వాతి గుడ్డ ఇస్తూ డాక్టరమ్మ అంది: "ఇది పొడిగా ఉందక్కా. ఆగింది."

కాటా అక్క దాన్ని తూచకుండానే పక్కన పడేసింది. కూతురి తలవైపు వెళ్లి, పెదాల్లోకి రంగు ఎప్పుడు వస్తుందా అని కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది.