గండి కొండల నడుమ బంగారు తోరణం

శ్రావణమాసమొస్తే ప్రొద్దుటూరులో రవికెలు కుట్టే మనిషికి ఊపిరాడదు. వరలక్ష్మి వ్రతానికి కావల్లని అందరూ నా మిషన్ మింద గుడ్డలు పారేసి పోతారు. అట్లాంటి నెలలో శనివారమైతే సాలు, మా అత్త పొద్దున్నే తలకు పోసుకోని, చిత్రాన్నం గిన్నెకెత్తి, "లెయ్ మే, గండికి పోదాం" అంటాది. రానంటే ఆ పొద్దంతా నాతో మాట్లాడదు. ఆమె అరవకపోతే నాకు తోచదు. అందుకని గొణుక్కుంటా పోతాను.

గండి వేంపల్లె దగ్గర. రెండు కొండల్ని చీల్చుకోని పాపాఘ్ని పారేచోట వీరాంజనేయస్వామి గుడి. లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు రాములవారు ఈడ ఆగినారంట. ఆయన వస్తాండాడని వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టినాడంట. రాములవారు బాణం మొనతో బండ మింద ఆంజనేయుని గీసి, చిటికెనవేలు మాత్రం విడదీయకుండా పోయినాడంట. తర్వాత ఎవరో శిల్పి ఉలి పట్టుకోని ఆ వేలు సరిచేయబోతే నెత్తురు కారిందంట.

ఈ కథ పక్కసీటామెకు చెప్పకుండా మా అత్త ఎప్పుడూ బస్సు దిగలేదు. ఆఖర్న గొంతు తగ్గిస్తాది. "ఆ తోరణం ఇప్పుటికీ ఉందమ్మా. అందరికీ కనపడదు. పుణ్యం చేసుకున్నోళ్లకు, అదీ కాలం దగ్గరపడినంకనే కనపడేది."

పోయినేడు ఆమెకు శుక్లాల ఆపరేషనయింది. అంతకుముందు వాకిట్లో నిలబడిన మనిషిని గొంతుబట్టి గుర్తుపట్టేది. కన్ను బాగయినంక మొదట చేసిన పని నా కుట్లకు వంకలు పెట్టడం. "ఏంది మే ఈ చంకకాడ ముడత? ఇన్నాళ్లూ ఇట్లనే కుడతాంటివా?" అని అడిగింది. ఆపరేషన్ చేయించి తప్పు చేసినామా అనిపించింది నాకు.

ఆ శ్రావణంలో మొదటి శనివారం దర్శనం చేసుకోని, ఏటిగడ్డన బండ మింద కూచోని తింటాన్నాం. పొద్దు వాలతాంది. మా అత్త కొండల సందుకల్లా తలెత్తి, నోట్లో పెట్టుకోబోయిన ముద్ద అట్లే పట్టుకోని ఉండిపోయింది.

"కనపడింది మే."

"ఏంది?"

"తోరణం. బంగారుది."

నేను చూసేటప్పటికి పొద్దు కొండ వెనక్కి పోయింది. నాకేం కనపడలేదు. ఆమె చేతులెత్తి దండం పెట్టి, మిగిలిన చిత్రాన్నం కోతులకు పెట్టేసింది.

ఇంటికొచ్చినంక బీపీ మాత్ర ఇస్తే, "ఇంగెందుకు మే? స్వామి పిలిచినాడు" అనింది. తెల్లారి కూడా అంతే. బతిమాలినా, అరిచినా, మాత్ర పొడి చేసి మజ్జిగలో కలిపినా. వాసన చూసి గ్లాసు పక్కన పెట్టింది. మా ఆయన లారీ మింద దూరం పోయినాడు. ఫోన్లో చెప్తే నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. నా కుట్లకు వంకలు పెట్టడం కూడా మానేసింది ఆమె. "బాగా కుట్టినావులే" అనింది. ఆ మాట విన్నంక నాకు చేతులు ఆడలేదు.

మళ్లా శనివారం నేనే ముందు లేచినా. "పా అత్తా, గండికి" అన్న్యా. మాత్రలు నా సంచిలో వేసుకున్న్యా. ఆ బండ మిందనే చిత్రాన్నం ముందర పెట్టుకోని కూచున్నాం. ఈమెకు కనపడిందేందో నా కండ్లతో చూడల్ల, చూసి ఈమెకు చూపించల్ల, ఈ సావు పిచ్చి వదలగొట్టల్ల. అదొక్కటే నా మనసులో.

పొద్దు వాలింది. రెండు కొండల నడుమ సన్నంగా, పచ్చగా ఒక గీత మెరిసింది. కండ్లు చికిలించి చూసినా. కరెంటు తీగ! ఎండ పడి మెరుస్తాంది. ఇన్నేండ్లూ మసకకన్నుకు ఆ తీగ యాడ కనపడింటుంది పాపం!

సంతోషం పట్టలేక అరిచినా. "అత్తా, కనపడింది! నాకూ కనపడతాంది!"

తీగ అనే మాట ఇంకా నోట్లోనే ఉంది. మా అత్త చిత్రాన్నం చేత్తోనే నా కండ్లు మూసేసింది.

"నీకు కనపడేదేంది, నీ తలకాయ! చూడొద్దు. తల దించు!" నా కండ్ల మింద చెయ్యి తీయకుండానే కొండలకల్లా తిరిగింది. "సామీ, ఇది చిన్నబిడ్డ, దీనికేం తెలీదు. నీకు దండం పెడతా."

"అత్తా, కారం!"

"మండనీ. అది తోరణం గాదు మే. కరెంటు తీగ. కొత్తకన్ను గదా, నేనే పొరపాటు పడినా. విన్యావా? ఒట్టి కరెంటు తీగ."

నేను చెప్పల్లనుకున్న మాట ఆమే చెప్పింది. నమ్మి చెప్పలేదు. తోరణమనే ఆమె నమ్మకం, నాకు బాగా తెలుసు. నాకోసం ఆ తోరణాన్నే వద్దనుకునింది. ఏడుపొచ్చింది నాకు. కారానికనుకోని ఆమె కొంగు తడిపి నా కండ్లు తుడిచింది. తుడుస్తా తుడుస్తా నన్నొక్కసారి కూడా కొండలకల్లా తిరగనీలేదు.

ఆటో ఎక్కే ముందు నిలబడిపోయింది.

"మాత్రలు తెచ్చినావా?"

"తెచ్చినా."

"ఇయ్యి." నీళ్లు లేకుండానే మింగింది. నా ముఖంకల్లా ఒకసారి చూసి, అట్టలోంచి ఇంగో మాత్ర గిల్లి నా చేతిలో పెట్టింది.

"నువ్వూ ఒకటేసుకో మే."