పూజ ఫోటోలో గేజ్ ముల్లు

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, వానాకాలం మధ్యలో నన్ను తాండూరులోని ఒక నాపరాయి పాలిషింగ్ యూనిట్‌కు మెకానికల్ ఫోర్‌మన్‌గా వేశారు. ఇల్లు వికారాబాద్‌లో, రోజూ పొద్దున రైలు. ఫోర్‌మన్ అంటే మెషీన్ల మంచిచెడ్డలకు జవాబుదారీ. వాటిని ఆపమనే అధికారం మాత్రం మేనేజర్‌ది. మా మేనేజర్ సారు, మెషీన్ల చప్పుడుకు తలనొప్పి వస్తుందని ఆఫీసు గది దాటేవారు కారు. చేరిన రోజు నాకు కుర్చీ చూపించలేదు. ఆ సంగతి ఇప్పుడెందుకంటే, నాకు గుర్తుంది కాబట్టి.

నా కింద పది హార్స్‌పవర్ కరెంటు ఎయిర్ కంప్రెసర్ ఒకటి ఉండేది. మోటార్ నడుస్తుంటే గాలి ఒత్తిడితో ట్యాంకులో నిండుతుంది. రాళ్ళ అంచులు చెక్కే పనిముట్లు ఆ గాలితోనే నడుస్తాయి. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఎనిమిది కిలోలకు చేరగానే ప్రెషర్ స్విచ్ ‘టక్’మని మోటార్‌ను ఆపాలి. అది మొరాయిస్తే, తొమ్మిదిన్నర దగ్గర ట్యాంకు మీది సేఫ్టీ వాల్వ్ తనంతట తాను తెరుచుకుని గాలి వదలాలి. అదీ తెరుచుకోకపోతే ఇక తెరుచుకునేది ట్యాంకే. అందుకే ట్యాంకులో గాలి ఉండగా వాల్వ్ రింగు లాగి, బుస్సుమంటోందో లేదో చూసుకుంటాం. ఆపరేటర్ నర్సింలుది బొంరాస్‌పేట. అతని స్టూలు ఆ ట్యాంకుకు బారెడు దూరంలో ఉండేది.

దసరాకు మెషీన్లకు రంగులేసి ఆయుధపూజ చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు మేనేజర్ సారుకు వెండిరంగు మీద మనసు పోయింది. పెయింటర్ ట్యాంకుతో పాటు సేఫ్టీ వాల్వ్‌కూ రెండు పూతలు పూశాడు. ట్యాంకు అడుగున చేరే నీళ్ళను వదిలే డ్రెయిన్ కుళాయిని మాత్రం వదిలేశాడు. జాగ్రత్తతో కాదు, వంగడానికి బద్ధకించి.

పూజ రోజు పొద్దున రింగు లాగాను. కదలలేదు. “సేఫ్టీ వాల్వ్ రంగుతో బిగుసుకుంది, మార్చేదాకా నడపరాదు” అని లాగ్‌బుక్‌లో రాసి మేనేజర్ ముందు పెట్టాను. ఆయన పదిమంది ముందు నవ్వారు.

“పండుగ పూట గీ రాతలేంది సత్తయ్యా? ఐదు నిమిషాలు నడిపిస్తే ఏం మునిగిపోతది?” అని, అటెండర్ వైపు తిరిగి, “మన ఫోర్‌మన్‌కు భయమైతున్నదట. జర ఛాయ్ పొయ్యి” అన్నారు.

అటెండర్ నిజంగానే ఛాయ్ తెచ్చాడు. అందులో చక్కెర లేదు.

మేనేజర్ సారు స్వహస్తాలతో పచ్చ బటన్ నొక్కారు. పనిముట్లన్నీ పసుపు కుంకుమలతో పీట మీద ఉన్నాయి. అంటే గాలి వాడేవాడు లేడు, ట్యాంకు నిండడమే తరువాయి. డప్పులు మోగుతున్నాయి. “సార్, జర ట్యాంకు మీద చెయ్యి వెయ్యుండ్రి, మంచిగొస్తది” అన్నాడు ఫోటోగ్రాఫర్. సారు వేశారు. స్టాఫంతా ఆయన చుట్టూ చేరారు. నేను ఆ బటన్లుండే స్టార్టర్ పెట్టె పక్కన నిలబడి ఆ ‘టక్’ కోసం చెవులు రిక్కించాను. రాలేదు. దండల సందులోంచి గేజ్ చూస్తే ముల్లు ఎర్రగీత దాటి ఉంది. ఎర్ర బటన్ నొక్కేశాను.

“మంచిగ నడుస్తున్నదాన్ని బంద్ చేస్తవా? నా మీద నీకేం పగ?” అని అరిచారు సారు.

పగ ఉన్న మాట నిజమే. కానీ నా బదులు నర్సింలు జవాబిచ్చాడు: “సారూ, ముల్లు పదకొండు మీదున్నది. గిది ఎన్నడూ గంత దూరం పోలే.”

అందరికంటే ముందు గేటు చేరింది మేనేజర్ సారే. కొట్టని కొబ్బరికాయ ఇంకా చేతిలోనే ఉంది. మిగతా వాళ్ళను కూడా బయటికి పంపాను. నర్సింలు మాత్రం సుత్తె పట్టుకుని వెనక్కి వచ్చాడు.

“అన్నా, రెండు దెబ్బలేస్తే వాల్వ్ తెరుచుకుంటది.”

“తెరుచుకుంటది, నిన్ను కూడ తీసుకపోతది. సుత్తె ఆడ పెట్టి గేటు బయటికి నడువ్” అన్నాను. ఒత్తిడి నిండిన ట్యాంకు మీద ఇనుము పడకూడదు.

మెయిన్ స్విచ్ తీసేశాను. ట్యాంకు పక్కగా కూర్చుని, మొహం తిప్పుకుని, గాలి పోయేలా డ్రెయిన్ కుళాయిని కొద్దికొద్దిగా తిప్పాను. ముల్లు సున్నాకు దిగేసరికి నా చొక్కా తడిసిపోయింది. తర్వాత విప్పి చూస్తే ప్రెషర్ స్విచ్ లోపల కరెంటును కలిపే, విడదీసే కాంటాక్టులు కాలి అతుక్కుపోయి ఉన్నాయి. కొత్త స్విచ్, కొత్త వాల్వ్ వచ్చి, ట్యాంకును నీళ్ళతో నింపి ఒత్తిడి పరీక్ష చేసేదాకా మెషీన్ నడపనివ్వలేదు. ఈలోపు కొబ్బరికాయ అయినా కొట్టవచ్చా అని సారు కబురంపారు.

మరుసటి ఏడు వికారాబాద్‌లో ఒక సభలో, భద్రత బాగా పాటించినందుకు మా మేనేజర్‌కు శాలువా కప్పారు. వేదిక వెనక పెద్దది చేసి పెట్టింది ఆ పూజ ఫోటోనే. ట్యాంకు మీద సారు చెయ్యి, ఆయన భుజం పక్కన గేజ్, ఎర్రగీత దాటిన ముల్లు. ఒక అంచున స్టార్టర్ వైపు సాగిన నా మోచెయ్యి. సభలో ముల్లు చదివినవాడు లేడు. ఆ ఫోటోలో ముల్లు ఎక్కడుందో చూడమని నిర్వాహకులకు మూడు ఉత్తరాలు రాశాను. “మీ అభినందనలకు కృతజ్ఞతలు” అని ఒకదానికి జవాబు వచ్చింది.

రంగు వేసే ముందు వాల్వ్‌కు గుడ్డ చుట్టాలని ఆ తర్వాత అందరికీ చెప్పాను. నేను నేర్చుకున్నది మాత్రం వేరు. లాగ్‌బుక్‌లో రాస్తే మోటార్ ఆగదు. ఆ పొద్దున ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవలసింది. చక్కెర లేని ఛాయ్‌కు అలిగి, ‘రాశాను కదా, కానియ్యి’ అనుకుని ఊరుకున్నాను. నర్సింలు స్టూలు ఎక్కడుందో తెలిసి కూడా.