అక్క బుగ్గలు ఉన్నవి ఉన్నట్టే

నాచారంలో నాకు పార్లర్ పని నేర్పిన అక్క పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. గుండె ఆగిపోయిందని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. ఫ్లెక్సీ కొట్టించాలి, మంచి ఫోటో ఉంటే పంపమంది. మంచిది అంటే ఎలాంటిదో అర్థమై ఏడుపులోనే నాకు ఒళ్లు మండింది.

అక్క బుగ్గలు రెండూ ఎర్రగా కమిలి గడ్డలు కట్టి ఉండేవి. పెళ్లికి ముందు ఎవరో బుగ్గలు పీక్కుపోయాయన్నారని, ఉప్పల్‌లో ఒక అద్దె గదిలో, డాక్టరు కాని మనిషితో నూనెలాంటి మందు సూదితో ఎక్కించుకుంది. పెళ్లి ఫోటోల్లో బుగ్గలు నిండుగానే ఉన్నాయి. రెండేళ్లకు దురద, మంట, ఆ తర్వాత గట్టి గడ్డలు. నూనె ఒంట్లో కరగదని, పూర్తిగా తీయడం కుదరదని చర్మం డాక్టరు చెప్పారట. ఎండాకాలంలో తడిగుడ్డ ఒత్తుకుంటూనే పెళ్లికూతుళ్లను తయారు చేసేది.

ముఖం మాత్రం దాచుకోలేదు. బండి మీద దుమ్ముకు కట్టుకున్న స్కార్ఫు కూడా పార్లర్ మెట్ల దగ్గరే విప్పేసేది. అద్దం ముందు కూర్చున్న పిల్ల ఎవరైనా బుగ్గల ఇంజెక్షన్ మాటెత్తితే, కత్తెర పక్కన పెట్టి, ఆ పిల్ల చేతిని తన గడ్డల మీద పెట్టించేది.

"నూనె తలకు పెట్టుకుంటం, పోపుల పోస్తం. బుగ్గల పోసుకుంటమా పిల్లా?"

గిరాకీ పోతుందని నేను సణిగితే నవ్వేది. ఎంతమంది ఆగారో తెలియదు. నేనైతే ఆగాను. ఇవాళ నా ముఖం నాకు మిగిలిందంటే ఆమె చలవే.

పోయిన క్రిస్మస్‌కు తీసిన ఫోటో ఇచ్చాను. ఫ్లెక్సీ షాపాయన అడగకుండానే బుగ్గలు నున్నగా చేసేశాడు. పోయినవాళ్లందరికీ అలాగే చేస్తాడట, అదొక మర్యాద అనుకుంటాడు. చెల్లెలికి అదే నచ్చింది.

"పోయినంక గూడ గా గడ్డలెందుకే? చర్చికొచ్చేటోళ్లందరు జూస్తరు," అంది.

"జూడనీ చిన్నక్కా. బతికున్నప్పుడు ఆమెనే దాచుకోలే. మనమెందుకు దాస్తం?"

షాపులోనే పోట్లాడుకున్నాం, ఇద్దరం ఏడ్చాం. చివరికి ఆమే కళ్లు తుడుచుకుని, ఉన్నది ఉన్నట్టే కొట్టమని చెప్పింది.

ఒకటి చర్చి దగ్గర కట్టాం. రెండోది నేను అడిగి కొట్టించాను. మా రోడ్డులో ఈ మధ్య ఒక మేడ మీద గది తెరిచి, పేరూ ఊరూ లేని నూనె సూదులు వేస్తున్నారు. ఆ మెట్లకు ఎదురుగా ఉన్న స్తంభానికి నిచ్చెన వేసుకుని నేనే కట్టాను. దిగేసరికి, సగం మెట్లెక్కిన ఒకామె ఆగి వెనక్కి చూస్తోంది. ఫ్లెక్సీలో ఉన్నామె మొఖానికి ఏమైందని నన్ను అడిగింది.

"చెప్త, కిందికి రా అక్కా," అన్నాను.

ఆమె గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది.