ఇరవైనాలుగు గంటల పాట

నేను కువైట్‌లో, సాల్మియాలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులో పనిచేస్తాను. మా ఆయనకు అల్ రాయ్‌లో గోడౌన్ పని. ఒకరి ఇంట్లో ఉండి చేసే పని కాదు కాబట్టి నా ఫోను నాదే. ఇళ్ళల్లో పనిచేసే మా కడప ఆడవాళ్ళకు అలా కుదరదు. కొన్ని ఇళ్ళల్లో యజమానురాలు, అంటే వాళ్ళు మామా అని పిలిచే ఆవిడ, ఎప్పుడు అడిగితే అప్పుడు ఫోను తీసి చేతిలో పెట్టాలి. ఆవిడ అన్నీ తెరిచి చూస్తుంది, అరబీలో ఏదో గద్దిస్తుంది. మనవాళ్ళు బిక్కమొహం వేసుకుని నిలబడతారు.

అందుకే ఫోనుకు సంబంధించిన చిక్కు ఏదొచ్చినా అందరూ నన్నే అడిగేవారు. నాకూ అదో గొప్ప. పదో తరగతి తప్పినదాన్ని, ఇక్కడ మాత్రం ఇంజనీరు పోజు కొట్టేదాన్ని.

మా పాటల గ్రూపు పెట్టింది కూడా నేనే. ఇంటిపనివాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు కలిసి నలభై మందిమి. పాడేది మాత్రం ఒక్కతే. రాయచోటి వైపు పిల్ల, ముప్పై ఏళ్ళు నిండలేదు. మిద్దె మీది ఇస్తిరి గదిలో బట్టలు మడతపెడుతూ పాడి, వాయిస్ మెసేజ్ పంపేది. పాట వెనక ఇస్తిరి పెట్టె బుస్సుమనడం కూడా వినిపించేది. నాట్ల పాటలు, కోలాటం పాటలు, చెక్కభజన పాటలు, అన్నీ వాళ్ళ ఊళ్ళో విని నేర్చినవే. వాటికి సొంత చరణాలు తగిలించేది. మామా చెప్పుల మీద ఒకటి, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఒకటి. నవ్వలేక చచ్చేవాళ్ళం. ఆ నవ్వుల మధ్యే ఏడుపు తెప్పించే మాట ఒకటి పెట్టేది. దాని దుంపతెగ, మా అందరి మనసులో ఉన్నది దానికెలా తెలిసేదో!

ఒకసారి గ్రూపులో ఉన్న ఒకామె ఫోను వాళ్ళ మామాకు చిక్కింది. పాటలో నవ్వులు విని, తననే ఎగతాళి చేస్తున్నారనుకుని ఆవిడ వారం రోజులు ఫోను లాక్కుంది. అప్పుడు నా తెలివి పనిచేసింది. గ్రూపులో ఏ మెసేజైనా ఇరవైనాలుగు గంటల తర్వాత దానంతటదే చెరిగిపోయేటట్టు పెట్టాను. విన్నామా, మర్నాటికి ఖలాస్. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పాడే పిల్ల కూడా ఫోను చేసి, "మంచి పని చేసినావక్కా. పాట ఉంటే గదా పట్టుకునేది" అంది.

ఊళ్ళో ఉన్న కూతురికి పాటలు పంపుతున్నావా అని అప్పుడే అడిగాను. ఆ పాపకు ఎనిమిదేళ్ళు, మేనత్త దగ్గర పెరుగుతోంది.

"వద్దులేక్కా. పాడతాండానంటే ఈడ సుఖంగా ఉండాననుకుంటారు. సుఖంగా ఉండాదంటే ఇంగో రెండేండ్లు ఉండమంటారు. ఊరికి పోయినాక పక్కన పండుకోబెట్టుకుని పాడతా" అంది.

ఆ పిల్లను నేను చూసింది ఒక్కసారే. జమియాలో, అంటే మా పేట సూపర్ మార్కెట్‌లో, ఉల్లిగడ్డల దగ్గర ఎవరో మామాతో అరబీలో మాట్లాడుతుంటే గొంతు గుర్తుపట్టి తల తిప్పాను. బక్క మనిషి, చేతిలో ట్రాలీ. గ్రూపులో నా ఫొటో చూసి ఉంటుంది, తనూ గుర్తుపట్టిందనుకుంటాను. పలకరిస్తే ఆవిడ ఏమంటుందోనని ఇద్దరం నోరు మెదపలేదు. పక్కనుంచి పోతూ, ఆ వారం పాడిన పాట కూనిరాగం తీసింది. నాకు ఒళ్ళంతా పులకరించింది.

తర్వాత రెండు నెలలకు పోయింది. తలనొప్పి అని పది రోజులు మాత్రలు మింగుతూ పనిచేసింది. ఇస్తిరి గదిలోనే పడిపోయింది. ఆసుపత్రిలో మూడు రోజులుండి కన్నుమూసింది. తలలో నరం చిట్లిందట. ఆ పది రోజుల్లో కూడా మేం పాట అడుగుతూనే ఉన్నాం. గొంతు బొంగురుగా ఉందే, మిరియాల పాలు తాగు అని సలహా ఇచ్చింది నేనే. శవం పెట్టె ఊరికి పోయేటప్పుడు కూడా దగ్గరికి పోలేకపోయాం. ఎవరికి సెలవిస్తారు?

పదో రోజు దాటాక వాళ్ళింటికి ఫోను చేశాను. మేనత్త పాపకిచ్చింది. ఓదార్చాలనే తొందరలో, "మీయమ్మ పాటలంటే మాకు పానం తల్లీ. నలభై మందిమి వింటాంటిమి" అన్నాను.

పాప, "నేను యినలేదు పెద్దమ్మా. ఒకటి పంపీవా?" అంది.

పంపుతానన్నాను. ఫోను పెట్టాక గానీ నాకు తెలివి రాలేదు. గ్రూపు తెరిస్తే పాటలున్న చోటంతా ఖాళీ. ఆ పిల్ల ఫోను పెట్టెతో పాటే వెళ్ళింది గానీ, అందులోనూ ఇదే గ్రూపు, ఇదే ఖాళీ. ఎవరి దగ్గరైనా ఒక్క పాటైనా ఉందా అని అందరినీ అడిగాను. ఒక్కరూ దాచలేదు. దాచితే దొరికిపోతామని ఆడవాళ్ళు దాచలేదు. ఆ భయం లేని డ్రైవరొకడున్నాడు, నేను తమ్ముడని పిలుస్తాను, వాడూ దాచలేదు. "దినామూ వస్తాండె గదక్కా, యాడికి పోతాదిలే అనుకుంటి" అన్నాడు. వాణ్ని తిట్టబోయి నోరు మూసుకున్నాను. నేను మాత్రం ఏం దాచానని?

తర్వాతి శుక్రవారం సాల్మియా సముద్రపు గట్టున, సెలవు దొరికిన ఏడుగురం కలిశాం. పాటను మేమే కూర్చి, పాడి పంపుదామని. మొదటి లైను అందరికీ వచ్చు.

"ఇస్తిరి పెట్టె కింద ఎండ కాస్తాండాది..."

రెండో లైను వంటామె అందుకుంది. "మడత మడతలో మాయూరు దాగుండాది." కాదు, "మాయిల్లు" అన్నాడు డ్రైవర్ తమ్ముడు. మూడో లైనులో పాప పేరు వచ్చేది, అది మాత్రం ఎవరూ మరిచిపోలేదు. నాలుగోది ఒక్కరికీ రాలేదు. రాగం అయితే ఒక్కొక్కరిది ఒక్కో దారి. పాడీ పాడీ వంటామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. పక్క బెంచీలో కూర్చున్న వాళ్ళెవరో మమ్మల్ని వింతగా చూశారు. నాకు అందరి మీదా కోపం వచ్చింది, అందరికంటే ఎక్కువ నా మీద నాకే వచ్చింది. ఇంతమంది అభిమానులం, ఒక్క పాట నిలబెట్టలేకపోయాం.

ఇంటికొచ్చి, గ్రూపు కాకుండా ఆ పిల్ల నాకు విడిగా పంపినవన్నీ వెతికాను. వాటికి చెరిగిపోయే ఏర్పాటు పెట్టలేదు. అన్నీ దండాలు, పువ్వుల బొమ్మలు. బాగా కిందికి పోతే ఒకే ఒక్క వాయిస్ మెసేజ్ దొరికింది. ఏడు సెకండ్లు.

"ఈపొద్దు పాడలేనక్కా. మామా పిలుస్తాంది. రేపు పాడతాలే, అందరికీ చెప్పు."

వెనకాల ఇస్తిరి పెట్టె బుస్సుమంది. పాట కాకపోయినా గొంతు తనదే కదా అని పాపకు పంపాను. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. ఆ పాప ఎన్నిసార్లు విన్నదో ఏమో, గంట తర్వాత జవాబు వాయిస్‌లోనే వచ్చింది. గొంతు అచ్చం వాళ్ళమ్మదే.

"పెద్దమ్మా, మాయమ్మ రేపు పాడతానన్న్యాది గదా. ఆ రేపటి పాట పంపు."

అప్పట్లో, ఆ మెసేజ్ పంపిన మర్నాడు, వాళ్ళమ్మ నిజంగానే పాడింది. షాపులో మిషను ఆపి, రెండుసార్లు విన్నాను. చాలా బాగుందని చప్పట్ల బొమ్మ పెట్టాను. ఆ మర్నాటికి, నేను పెట్టినట్టే, చెరిగిపోయింది.