జిమ్మికి పెట్టిన పత్యం

2023 చివర్లో, వానలు వెనకపట్టిన రోజులు. హోసూరులో మత్తిగిరికి పోయే దారిలో నాకొక చిన్న క్లినిక్ ఉంది. ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో స్టీలు బల్ల. అంతకు ముందు చాలా ఏళ్ళు శూలగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఆవుల వెంట తిరిగాను. మోకాళ్ళు మొరాయించాక కుక్కలకీ పిల్లులకీ దిగాను. ఇది సుఖమైన పని అని జనం అనుకుంటారు. ఆవు తంతే కాలు విరుగుతుంది, అంతటితో సరి. కుక్కల డాక్టరుకి కుక్కతో పేచీ ఉండదు, దాని వెనక వచ్చే ఇంటిల్లిపాదితో ఉంటుంది. ఏం తిన్నదో కుక్క చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు నిజం చెప్పరు.

ఆ రోజు సాయంత్రానికే నా ఓపిక అడుగంటింది. షటర్ దించుదామని లేచేసరికి నలభై ఏళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. చంకలో తువ్వాలు చుట్టిన తెల్ల బొచ్చు కుక్క. పొమేరియన్‌లో నాటు రకం కలిసిన చిన్న కుక్క, పట్టుమని ఐదు కిలోలు ఉండదు. పేరు జిమ్మి. ఆవిడ పేరు మునిరత్నమ్మ, ఊరు అత్తిముగం. బస్సు మారి వచ్చింది.

"నాలుగు దినాలుగా ఏమీ ముట్టడం లేదు డాక్టరమ్మా. కక్కుతా ఉండాది. ఉచ్చ చూస్తే పసుపు నీళ్ళ మాదిరి ఉండాది."

పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు గులాబి రంగులో ఉండాలి. పచ్చగా ఉన్నాయి. చెవి లోపల కూడా అదే పచ్చ.

"ఏం పెట్టినారు? ఎవరు పెట్టినారు?" అన్నాను. అది నా అలవాటు ప్రశ్న. ఎన్ని వేలసార్లు అడిగుంటానో.

"నేనేమీ పెట్టలేదు" అంది వెంటనే. "నా చేత్తో దానికి ఒక మెతుకు కూడా పెట్టను. అంతా మా అత్తే చూసుకుంటాది."

"మీ అత్త ఏం పెట్టింది మరి?"

"కామెర్లని మా అత్త అప్పుడే కనిపెట్టేసింది. నేలుసిరాకు నూరి మజ్జిగలో పోస్తా ఉంది. పత్యం పెట్టినాము. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు, ఉత్త మజ్జిగన్నమే. ఇంట్లో తాలింపు కూడా ఆపేసినాము."

"కుక్క కోసం తాలింపు ఆపేసినారా?"

"కామెర్లు కామెర్లే కదా డాక్టరమ్మా. వాసన తగిలినా తిరగబెడతాయంట."

నవ్వే ఓపిక కూడా లేదు నాకు. మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. ఇంట్లో ఒకరికి కామెర్లు వస్తే ఇల్లంతా చప్పిడి తింటారు. మాంసం, గుడ్డు మాట ఎత్తకూడదు. మనుషుల సంగతి మనుషుల డాక్టర్లు చూసుకుంటారు. కానీ ఐదు కిలోల కుక్క మజ్జిగన్నంతో ఎన్ని రోజులు నిలబడుతుంది?

రక్తం తీసి ఎల్.ఎఫ్.టి.కి పంపాను. లివర్ ఎంత దెబ్బతిన్నదో, ఎంత పని చేస్తున్నదో చెప్పే పరీక్ష అది. గంటలో రిపోర్టు వచ్చింది, అంకెలు అన్నీ పైకి పోయి కూర్చున్నాయి. అయితే లివర్ చెడిందని చెబుతుంది గానీ ఎందుకు చెడిందో ఆ కాగితం చెప్పదు. పిడుదుల జ్వరం కావచ్చు, ఎలుకల ఉచ్చ వల్ల వచ్చే లెప్టో కావచ్చు, ఏదన్నా విషం కావచ్చు. ఆ రెండు జబ్బులకీ పరీక్ష చేయించాను. రెండూ లేవని వచ్చింది. డ్రిప్ పెట్టి, లివర్‌కి మందులు రాసి, తిండి సంగతి చెప్పాను. ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన, ఉప్పు లేని కోడి మాంసం, కొంచెం కొంచెం, రోజుకు చాలాసార్లు. లివర్ తనను తాను బాగుచేసుకునే అవయవం. ఆ పనికి దానికి సరుకు కావాలి, ఆ సరుకు మాంసకృత్తులే.

మునిరత్నమ్మ చేతులు ముడుచుకుంది. "ఆ మాట మాత్రం నాకు చెప్పొద్దండి. నేను పెట్టను."

"పెట్టకుంటే చచ్చిపోతాదమ్మా."

"పెట్టినాక చచ్చిపోతే?"

కోపం వచ్చింది నాకు. దూరాభారం మోసుకొచ్చి, మందులు కొనుక్కొని, గుడ్డు ఒక్కటి పెట్టనంటుందేమిటీ మనిషి అని. నాలుగు మాటలు అన్నాను కూడా. ఆవిడ అన్నీ విని, కుక్క తల నిమురుతూ అసలు సంగతి చెప్పింది.

వాళ్ళాయన బర్గూరులో గ్రానైట్ రాళ్ళకు పాలిష్ పట్టే పనిలో ఉండేవాడు. తాగుడు అలవాటు. ఆరేళ్ళ కిందట కామెర్లు వచ్చాయి. నాటు మందు, పత్యం. ఆ పత్యంలో ఉండగా ఒక రోజు మునిరత్నమ్మ కోడికూర పెట్టింది. వారం తిరక్కుండా పోయాడు. కూర పెట్టి చంపిందని అత్త అంది. అత్త అన్నాక ఊరు అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. కోడలి చేతి నీళ్ళు కూడా అత్త తాగదు. ఈ కుక్కని పోవడానికి ముందు సంవత్సరం అతనే పిల్లగా తెచ్చాడట. కొడుకు తెచ్చిన కుక్క అని ముసలామెకు అది ప్రాణం.

"ఇప్పుడు దీనికీ అవే కామెర్లు. నన్ను కోడి పెట్టమంటా ఉండారు. ఇది గాని పోతే నేను ఆ ఇంట్లో యాడ ఉండేది డాక్టరమ్మా?"

కుక్క బతుకుతుందని హామీ ఇచ్చే స్థితిలో నేను లేను. ఆ అంకెలతో వచ్చినవి సగం పోతాయి. రేపు మీ అత్తని వెంట తీసుకురమ్మని పంపించాను.

మరుసటి రోజు పాపమ్మవ్వ వచ్చింది. పొడుగు మనిషి, ఎండు కట్టె లాంటి ఒళ్ళు, చూపు మాత్రం చురుకు. కుక్కని తన ఒళ్ళోనే పెట్టుకొని కూర్చుంది. కోడలు వాకిలి దగ్గరే నిలబడింది. తిండి సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

"నా కొడుకుని తీసకపోయింది ఆ కోడికూరే" అంది ముసలామె కోడలి వైపు చూడకుండానే. "నువ్వు చదువుకున్నదానివి తల్లీ, కాదనను. నేను కండ్లారా చూసినాను."

"అవ్వా, కుక్క పుట్టిందే మాంసం తినడానికి. మజ్జిగన్నం పెట్టి మనమే మాడ్చి చంపుతా ఉండాము."

"నేనైతే పెట్టను. దాన్నీ పెట్టనివ్వను."

ఇక చేసేది లేక గుడ్డు నేనే తెప్పించి ఉడకబెట్టించాను. తెల్లసొన మెదిపి, నీళ్ళు కలిపి, సిరంజితో జిమ్మి చెంప సందులో కొద్దికొద్దిగా వదిలాను. "ఇది పోతే నా చేత్తో పోయిందనుకోండి. మీ ఇద్దరిలో ఎవరికీ సంబంధం లేదు" అన్నాను. పశువైద్యం చదివింది ఇందుకా అని లోపల విసుక్కుంటూనే ఉన్నాను. ముసలామె కళ్ళు మూసుకుంది. కోడలు మాత్రం ప్రతి చుక్కా చూసింది.

అట్లా మూడు రోజులు ఇద్దరూ బస్సులో వచ్చారు. రావడం కలిసి, కూర్చోవడం వేరువేరుగా. మూడో రోజు జిమ్మి నా వేలి మీది గుడ్డు ముక్కని తానే నాకింది, వాంతి ఆగింది. ఇంటి దగ్గర గుడ్డు తానే పెడతానంది ముసలామె. మందులిచ్చి, వారానికి రమ్మన్నాను. నా నెత్తిన బరువు దిగిందనుకున్నాను.

దిగలేదు. వారం తర్వాత కోడలొక్కతే తెచ్చింది. జిమ్మి మళ్ళీ నీరసంగా ఉంది. రక్తం తీస్తే అంకెలు తగ్గడం పోయి ఇంకా పెరిగాయి. మందు పడుతూ ఉండగా లివర్ మళ్ళీ దెబ్బతింటున్నదంటే, దెబ్బ కొట్టేది ఏదో ఇంకా లోపలికి పోతున్నదన్నమాట.

"ఇంట్లో ఇంకేం పెడతా ఉండారు? ఎవరు పెడతా ఉండారు?"

"నేను దాని దగ్గిరికే పోలేదు" అని మునిరత్నమ్మ ఏడ్చేసింది. "గుడ్డు పెట్టినందుకే ఇట్లయిందని మా అత్త మళ్ళా పత్యం మొదలుపెట్టింది. ఆపితే బాగుండేది డాక్టరమ్మా, ఎందుకు పెట్టిచ్చినారు?"

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆదివారం ఒక్క పూటే నాకు విశ్రాంతి. ఆ పూటే మోకాళ్ళకి నూనె రాసుకొని అత్తిముగం పోయాను. ఎవరూ పిలవలేదు, ఫీజు ఎవరూ ఇవ్వరు. కుక్క పోతే కుక్కతో పోయేది కాదు కదా అనిపించింది, అంతే.

ఇంటి ముందు పశువుల కొట్టం. పాపమ్మవ్వ ఆవుకి కుడితి కలుపుతోంది. జిమ్మి ఆమె కాళ్ళ దగ్గర పడుకొని ఉంది. గోనెసంచిలోంచి వేరుశనగ చెక్క, అంటే నూనె ఆడించాక మిగిలే పిప్పి, తీసి తొట్టిలో విరిచి వేస్తూ, ఒక చిన్న పెళ్ళ విరిచి కుక్క మూతికి అందించింది. అన్నం ముట్టని కుక్క ఆ పెళ్ళని కరకర నమిలింది. నన్ను చూసి ఆమె చేతులు తుడుచుకుంది. నేను సంచి అంచు మడిచి లోపలికి చూశాను. ఈ యేటి వానలకి గోడ చెమ్మ దిగి అడుగున చెక్క ముద్ద కట్టింది. దాని మీద బూడిద పచ్చ రంగు బూజు.

ఆ బూజులో పుట్టే విషాన్ని ఆఫ్లాటాక్సిన్ అంటాము. కంటికి కనపడదు, రుచి తెలియదు, నేరుగా లివర్ మీదికి పోతుంది. ఆవు పెద్ద ప్రాణి కాబట్టి పాలు తగ్గి ఊరుకుంటుంది. చిన్న కుక్క తట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ చెక్క మాట ఎత్తలేదు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది తిండి కాదు, మేత. పైగా అందులో ఉప్పూ కారం లేవు, పత్యానికి అడ్డం కాదు.

అంతా చెప్పాను. చెప్పి, నోరు ఊరుకోక, అలవాటు కొద్దీ అడిగాను: "ఇది దానికి ఎవరు అలవాటు చేసినారు?"

నా కళ్ళతోనే చూసిన దానికి ఆ ప్రశ్న ఎందుకో నాకే తెలియదు. అప్పటికి కోడలు బిందెతో వచ్చి కొట్టం గుంజ దగ్గర నిలబడి ఉంది. పాపమ్మవ్వ సంచి వైపు చూసింది, కుక్క వైపు చూసింది.

"నేనే" అంది. "పిల్లప్పటినుంచీ పొద్దున్నే ఒక పెళ్ళ వేస్తాను. అంటే... నా చేత్తోనే అయిందా తల్లీ?"

ఆరేళ్ళుగా పడిన మాటలన్నీ తిప్పి కొట్టడానికి మునిరత్నమ్మకి అంతకంటే మంచి సమయం దొరకదు. కొడుతుందనే అనుకున్నాను.

ఆమె బిందె దించింది. "మా అత్తకేం తెలుసు డాక్టరమ్మా. మూతి ముందుకు పెట్టి అడుగుతాది అది. అడిగితే పెట్టకుండా ఎట్ల ఉండేది? ఆయన కూడా అడిగినాడు."

ముసలామె తల ఎత్తింది. "వాడు అడిగినాడా?"

"రెండు దినాలు అడిగినాడు. లేదంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడో దినం పెట్టినాను. రెండు ముక్కలు తిన్నాడు."

"నాకు చెప్పలేదే నువ్వు."

"నువ్వు అది అడగలేదే అత్తా. కూర ఎవరు పెట్టినారని అడిగినావు. నేనే అన్నాను."

నేను కూడా అదే ప్రశ్న అడిగిన దాన్నే కాబట్టి నాకు తలెత్తాలనిపించలేదు. ఆవు తొట్టిని మూతితో తోస్తూ ఉంటే, ఆ కుడితి పారబోయమని మాత్రం చెప్పాను. సంచిని దొడ్డి వెనక గుంత తీసి పూడ్చేశారు.

జిమ్మి కోలుకోవడానికి నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పోయిందనే అనుకున్నాము. చిగుళ్ళ పచ్చ విరిగి గులాబి రంగు తిరిగింది. లివర్ పూర్తిగా మునుపటిలా కాలేదు, మాత్ర ఇప్పటికీ వేస్తూనే ఉండాలి. వాళ్ళ పొయ్యిలు ఒకటయ్యాయో లేదో నేను అడగలేదు.

ఆ తర్వాత ఎవరు పెట్టారని అడగడం మానుకున్నాను. ఏం తిన్నది, ఏం నాకింది, ఎక్కడెక్కడ తిరిగింది, ఇంతే. ఎవరు అన్న మాట వినగానే మనుషులు తమను కాపాడుకోవడంలో పడతారు, కుక్క సంగతి వెనకబడుతుంది. ఇన్నేళ్ళు చేశాక తెలిసింది నాకిది. ముందే తెలిసుంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో, తలుచుకుంటే నీరసం వస్తుంది.

చివరి పరీక్షకి ఇద్దరూ వచ్చారు. రిపోర్టు చూసి బాగుందన్నాను. మునిరత్నమ్మ మందుల షాపుకి పోయింది. పాపమ్మవ్వ లేవకుండా కూర్చుంది.

"మనిషి లివర్ కూడా ఇట్లే ఉంటాదా తల్లీ?"

"ఇంచుమించు ఇట్లే అవ్వా."

"రెండు ముక్కలు తింటే పోతాదా?"

"పోదు. ఆయనది తాగుడుతో ఏండ్ల తరబడి చెడిపోయింటాది. ఆ కూర తిన్నా పోయేవాడే, తినకున్నా పోయేవాడే. అడిగింది తిని పోయినాడు."

నన్ను తిట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈ మాట దానికి చెప్పు" అంది. "నేను చెప్పి చూసినాను. అది నమ్మడం లేదు."

అంతవరకూ అత్త వేసిన నిందనే ఆ కోడలు మోస్తున్నదని అనుకున్నాను. ఆరేళ్ళలో అది ఆమె సొంత నమ్మకమైపోయిందని నాకు తట్టనే లేదు. మునిరత్నమ్మ మందులు తీసుకొని వచ్చాక స్టూలు మీద కూర్చోబెట్టి, జిమ్మి రిపోర్టు పక్కన పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.