శబ్దం లేని గ్రహం

మా మామయ్యకి ఒకటే పిచ్చి. ఆయన ఏ గ్రహం మీద నవల రాస్తుంటే ఆ గ్రహం చట్టాలు ఇంట్లో అమల్లోకొచ్చేసేవి. "నేను బతకని లోకంలో పాఠకుణ్ణి ఎలా బతకమంటాన్రా?" అనేవాడు. బతకాల్సింది మాత్రం మేం. చదువుకని వాళ్ళింట్లో ఉన్న పాపానికి నాకూ మినహాయింపు లేదు.

ఆయన సృష్టించే ప్రతి గ్రహంలోనూ ఏదో ఒకటి లోపించేది. వెలుతురు లేని గ్రహమప్పుడు కళ్ళకి గంతలు కట్టుకుని భోంచేశాం. నా వాటా మరదలు తినేసింది. బరువు లేని గ్రహమప్పుడు కుర్చీలు ఎగిరిపోకుండా కిటికీలకి కట్టేశాడు. ఇంటికొచ్చిన పత్రిక సంపాదకుడు కుర్చీ ముందుకు లాక్కోబోయి కిటికీ రెక్కతో సహా వెల్లకిలా పడ్డాడు.

"మీ నవలల్లో రాకెట్ రెండు పేజీలు, గిన్నెలెవరు కడగాలన్న గొడవ పాతిక పేజీలు. ఎందుకండీ?" అన్నాడాయన, నడుం రుద్దుకుంటూ.

"రాకెట్లో ఎవరైనా వెళ్తారు. వెళ్ళాక కాపురం చెయ్యొద్దూ?" అన్నాడు మామయ్య.

ఆ గొడవల కోసమే జనం ఆయన పుస్తకాలు ఎగబడి కొనేవాళ్ళు.

ఒకరోజు కొత్త చట్టమొచ్చింది. "ఈసారి శబ్దం లేని గ్రహం. చేతులతోనే మాట్లాడాలి." సైగల భాష నేర్పే టీచరమ్మని కూడా వెంటపెట్టుకొచ్చాడు.

"ఉప్పు కావాలంటే నేను నాట్యం చెయ్యాలా?" అని అత్తయ్య మండిపడింది.

చేసింది. నేను 'ఆకలి' అనబోయి 'పెళ్ళి' అన్నానట. మరదలు చాలారోజులు నా ఎదుటపడలేదు.

నెలలు గడిచాయి. చేతులతోనే చాడీలు చెప్పుకునేంత ఆరితేరిపోయాం. నవల జాడ మాత్రం లేదు.

"రాయని నవలకి ఇంత కసరత్తేంటి మామయ్యా?" అని చట్టం పక్కనపెట్టి నోటితోనే నిలదీశాను.

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి మామూలుగానే చెప్పాడు. "మీ అత్తకి వినికిడి పోతోందిరా. పిలిస్తే పలక్కపోతే అలకనుకున్నా. అలకైతే గిన్నెల చప్పుడవ్వాలిగా! బయటికి చెప్పుకోడానికి దానికి చిన్నతనం. నేర్చుకోమంటే ఏడుస్తుంది. అందుకే అందర్నీ కలిపి గ్రహమెక్కించేశా."

కొన్నాళ్ళకి అత్తయ్యే మమ్మల్ని కూర్చోబెట్టి, 'నాకు వినపడ్డం లేదు' అని చేతులతో చెప్పింది. అందరం ఒక్కసారే చేతులు ఊపేసరికి, 'ఒక్కొక్కళ్ళూ!' అని కసిరింది. తర్వాత మామయ్య వైపు తిరిగింది. 'నవలేదీ?'

'ఏ నవల?' అన్నాడాయన.

అత్తయ్యకి అర్థమైంది. ఆవిడ చేతులు తిట్లు అందుకున్నాయి: దొంగమొహం, మాయలమారి, ఇంకా నాకు టీచరమ్మ నేర్పనివి చాలా. మామయ్య గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య ఒక చేత్తో ఆయన రెప్పలు తెరిచిపట్టుకుని, రెండో చేత్తో మిగతా తిట్లు పూర్తిచేసింది.